డాట్ బీటీసీ పేర్లను సిప్-009లోకి తేవాలి!

2023

స్టాక్స్ బ్లాక్‌చెయిన్‌లో పేరు నమోదు చేసుకున్నవారికీ, దాని మీద కోడ్ రాస్తున్న తెలుగు డెవలపర్లకూ విజ్ఞప్తి



రెన్యువల్ తప్పనంతకాలం మీ పేరును ఎవరూ లాక్కోలేరు. కానీ అమ్మకానికి పెట్టి చూడండి, బజారు దాన్ని అసైన్డ్ భూమిలా చూస్తుంది. పట్టా ఉంది, బేరం లేదు.

కారణం ఈ పేర్లను నమోదు చేసే బీఎన్ఎస్ కాంట్రాక్టులోనే ఉంది. 2021 జనవరిలో స్టాక్స్ 2.0 మొదలైనప్పుడే అదీ వచ్చింది. అందులో ప్రతి పేరూ ఎన్ఎఫ్‌టీయే. కాకపోతే దానికి నంబరు లేదు. పేరూ, వెనకున్న డాట్ బీటీసీ తోకా కలిపితేనే దాని గుర్తింపు. ఎన్ఎఫ్‌టీల కోసం స్టాక్స్‌లో అందరూ ఒప్పుకున్న సిప్-009 ప్రమాణమేమో ప్రతి టోకెన్‌కూ నంబరు ఉండాలంటుంది. యజమాని ఎవరు, చివరి నంబరెంత, వివరాలెక్కడున్నాయి అని ఎవరడిగినా ఒకే తీరులో జవాబివ్వాలి, బదిలీ కూడా ఒకే తీరులో జరగాలి. మన కాంట్రాక్టుకు ఆ భాష రాదు. దీని ఒక్కదాని కోసం వాలెట్లవాళ్ళూ, బజార్లవాళ్ళూ విడిగా కోడ్ రాసుకోవాలి. అంత ఓపిక అందరికీ ఉండదు, ఉండనక్కర్లేదు కూడా.

అంతకన్నా పెద్ద చిక్కు ఒక చిరునామాకు ఒకే పేరన్న నియమం. చెల్లుబాటయ్యే పేరున్న చిరునామాకు ఇంకో పేరు పంపితే బదిలీ ఆగిపోతుంది. మనుషులైతే రెండో చిరునామా తెరిచి సర్దుకుంటారు. కాంట్రాక్టు సంగతేమిటి? దానికీ చిరునామా ఉంటుంది, నియమం దానికీ వర్తిస్తుంది. అమ్మేవారి పేరును తన దగ్గర ఉంచుకుని, డబ్బు ముట్టాక కొన్నవారికి అప్పగించే బజారు కాంట్రాక్టు ఒకసారికి ఒక్క పేరే పట్టగలదు. ఒక్క సరుకుతో అంగడి నడుస్తుందా?

చెయిన్ మీదకెక్కిన కాంట్రాక్టును దిద్దలేం. కొత్తది రాసి, పేర్లను అందులోకి తరలించాలి. ఎథీరియం నేమ్ సర్వీస్ ఈ పని ఎప్పుడో చేసింది. 2017లో వేలంపాటతో మొదలైన డాట్ ఈత్ పేర్లను 2019 మేలో ఎథీరియం ఎన్ఎఫ్‌టీల ప్రమాణమైన ఈఆర్‌సీ-721 కాంట్రాక్టుకు మార్చింది, కట్టిన డిపాజిట్లు తిరిగిచ్చింది. అప్పటినుంచి ఎన్ఎఫ్‌టీ బజార్లకు అవి మామూలు టోకెన్లే. అయితే ఏడాది గడువు దాటినా కదలనివారి పేర్లు చేజారాయి. ఆ ఒక్కటీ మనం అనుకరించొద్దు.

కొత్త కాంట్రాక్టులో ఒక చిరునామాకు ఒకే పేరన్న నియమం ఎత్తేస్తే దళారులు పేర్లు పోగేస్తారని కొందరి భయం. ఇప్పుడు ఆపుతున్నదెవరు? వంద చిరునామాలు తెరవడానికి దళారికి పైసా ఖర్చు లేదు. ఇంకో అభ్యంతరానికి మాత్రం బరువుంది. ఒక్క పేరే ఉంటే చిరునామా చూసి యజమానిని చెప్పడం తేలిక. పది ఉంటే ఏది చూపాలి? ప్రధాన పేరు ఏదో యజమానే ఎంచుకునే వీలు ఉండాలి.

అందుకే అడుగుతున్నాం. కొత్త కాంట్రాక్టు సిప్-009ను పూర్తిగా పాటించాలి. పాత పేరు రద్దయ్యే లావాదేవీలోనే కొత్తది పుట్టాలి, లేకుంటే ఒకే పేరుకు ఇద్దరు యజమానులు తేలతారు. మిగిలిన రెన్యువల్ కాలం యథాతథంగా రావాలి, అదనపు రుసుము వద్దు. కోరిన పేరును ముందు గుట్టుగా బుక్ చేసి తర్వాత బయటపెట్టే రెండంచెల నమోదును ముట్టుకోవద్దు. అది పోతే మధ్యలో చూసినవాడు పేరు తన్నుకుపోతాడు. బయటివారి ఆడిట్ ముగియనిదే ఒక్క పేరూ కదలకూడదు.

మీరు వాడే వాలెట్ వాళ్ళకు ఈ వారమే రాయండి: కొత్త పేర్లు వస్తే చూపించడానికి మీరు సిద్ధమేనా అని.