గ్యాస్ అని పేరు పెట్టుకున్న నొప్పి

తెలుగునాట జనం నోట అన్నిటికన్నా ఎక్కువగా నలిగే వైద్యపదం ఏదంటే మేం 'గ్యాస్' అంటాం. కడుపు ఉబ్బరం గ్యాస్, పుల్లటి తేన్పు గ్యాస్, వీపు పట్టేసినా గ్యాసే. ఇంతవరకూ నష్టం లేదు. అర్ధరాత్రి ఛాతీ మీద బరువు పెట్టినట్టయి, ఒళ్ళంతా చెమట పట్టి, నొప్పి ఎడమ చేతిలోకో దవడలోకో పాకినప్పుడు కూడా ఇంట్లో ముందు వినబడేది ఆ మాటే. "పొద్దుపోయి పప్పు తిన్నావుగా, గ్యాస్ పట్టేసుంటుంది, కాస్త సోడా తాగి పడుకో." కొందరిలో, ముఖ్యంగా షుగరున్నవాళ్ళలో, ఆడవాళ్ళలో, గుండెపోటు పై కడుపు మంటగానో వికారంగానో మొదలవుతుంది. అప్పుడు ఆ పేరు మరింత గట్టిగా అతుక్కుంటుంది. రక్తం అందని గుండె కండరం నిమిషనిమిషానికీ కొంచెం కొంచెంగా చచ్చిపోతూ ఉంటే, ఇంటిల్లిపాదీ తేన్పు కోసం ఎదురుచూస్తుంటారు.

సాహిత్య పత్రికకు ఈ గొడవెందుకని అడగవచ్చు. ఒక మాట విని మనుషులు ఏం చేస్తారన్నది మా పరిధిలోదే అనుకుంటున్నాం.

వైద్య పరిభాష మీద మన వాదన ఏళ్ళ తరబడి ఒకే గట్టున తిరుగుతోంది: సంస్కృతం నుంచి కొత్త మాటలు పుట్టించాలా, ఇంగ్లీషు మాటల్నే ఉంచుకోవాలా అని. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడ్డాక ఇంటర్, డిగ్రీ పాఠ్యపుస్తకాల కోసం బోలెడన్ని మాటలు తయారయ్యాయి. వాటిని ఎగతాళి చేయడం తేలిక, మేం చేయం. కిరణజన్య సంయోగక్రియను తెలుగు మీడియంలో చదివినవాళ్ళు తలనెరిసినా ఒక్క గుక్కలో అప్పజెబుతారు, పైగా వెలుతురు వల్ల పుట్టే కలయిక అన్న అర్థం అందులో శుభ్రంగా ఉంది. క్లోమం దగ్గర మాత్రం కథ మారుతుంది. పాంక్రియాస్‌కు పాఠ్యపుస్తకం ఆ పేరు ఖాయం చేసింది గానీ, ఆయుర్వేద గ్రంథాలు చెప్పే క్లోమం ఏ అవయవమన్న దానిమీద పండితులే ఒక్క మాట మీదికి రాలేదు. పరీక్షలో మార్కులు తెచ్చిపెట్టే ఆ పదం ఆస్పత్రి గుమ్మం తొక్కదు. 'మీ క్లోమం వాచింది' అని ఏ డాక్టరూ అనగా మేం వినలేదు. అదే ఊపిరితిత్తులు చూడండి. కొలిమి దగ్గర తిత్తి ఉబ్బడం, అణగడం చూసినవాళ్ళెవరో పెట్టి ఉంటారు. ఆ పేరు డాక్టరుకూ పనికొస్తుంది, రోగికీ పనికొస్తుంది.

ఏ భాష మాట అన్నదానికన్నా, కంటితో చూసి పెట్టిన పేరా, కారణం ఊహించి పెట్టిన పేరా అన్నది మాకు ముఖ్యం. ధనుర్వాతంలో రెండూ ఉన్నాయి. వెన్ను విల్లులా వంగిపోవడం చూశారు, వాతాన్ని ఊహించారు. గాయంలోకి మట్టితో పాటు చేరిన సూక్ష్మజీవి విడిచే విషం నరాలను పట్టుకుంటుందని తర్వాత తేలింది. విల్లు నిలిచింది, వాతం వీగిపోయింది. టీకా ఉంది గనక ఆ తప్పు వల్ల ఇవాళ పెద్దగా ప్రమాదం లేదు. పక్షవాతం విషయంలో ఆ ధీమా పనికిరాదు. ఒక పక్క పడిపోవడం చూసిందే, వాతం మళ్ళీ ఊహే. పేరులో వాతం వినబడగానే చల్లగాలి తగిలిందంటారు, నూనె మర్దనా అంటారు, ఫలానా ఊళ్ళో పసరు పోస్తారంటారు. మెదడులో రక్తనాళానికి గడ్డ అడ్డుపడినప్పుడు దాన్ని కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల లోపు పడాలి. అంతకన్నా ముందు స్కాన్ తీసి, రక్తస్రావం కాదని తేల్చుకోవాలి. పసరు పోసే ఊరికి బండి మాట్లాడుకుని వెళ్ళొచ్చేసరికి ఆ గడువు కాస్తా దాటిపోతుంది.

ఊహతో పేరు పెట్టడంలో పడమటివాళ్ళూ తక్కువ తినలేదు. మలేరియా అంటే ఇటాలియన్‌లో చెడ్డగాలి. బురద నేలల మీంచి వచ్చే గాలి జ్వరం తెస్తుందని నమ్మిన కాలపు మాట అది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్, రోగి రక్తం తాగిన అనాఫిలిస్ దోమను కోసి, దాని కడుపు గోడలో మలేరియా క్రిమిని చూశారు. ఆయన పనిచేసిన భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. చెడ్డగాలి సిద్ధాంతం అక్కడితో చచ్చినా, పేరు మాత్రం ప్రపంచమంతటా చెలామణి అవుతూనే ఉంది. మనవాళ్ళు దాన్ని చలిజ్వరం అన్నారు, మన్యం జ్వరం అన్నారు. ఎలా వణికిస్తుందో ఒక పేరు చెప్పింది, ఎక్కడ పట్టుకుంటుందో ఇంకొకటి చెప్పింది. ఎందుకొస్తుందన్న జోలికి రెండూ పోలేదు గనక, రాస్ దోమను కోశాక కూడా వాటిలో దిద్దాల్సిందేమీ లేకపోయింది.

'నాకు బీపీ ఉంది' అంటాం. లేనివాడు బతికి ఎలా ఉంటాడో తెలియదు గానీ, నవ్వుకుని వదిలేద్దాం. షుగర్‌ను అంత తేలిగ్గా వదలలేం. ఆ పేరు విని కాఫీలో చక్కెర మానేసి, కంచం నిండా అన్నం పెట్టించుకునేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు. అన్నం అరిగాక అయ్యేది గ్లూకోజేనని ఆ పేరు చెప్పదు. మధుమేహమన్న పాత మాట కొంత నయం: అది మూత్రంలో తీపి గురించి మాట్లాడింది, మిఠాయి కొట్టు గురించి కాదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా, కొబ్బరి, జీడి తోటల మధ్య కిడ్నీ జబ్బు పట్టి పీడిస్తున్న ఊళ్ళలో క్రియాటినిన్ అన్న మాటకు ఎవరూ తెలుగు అడగరు. 'ఎంతుంది?' అంటే అదే. మాంసమన్న గ్రీకు మాట నుంచి వచ్చిన పేరది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సహపరిశోధకుడు ఫిస్క్‌తో కలిసి కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను కనిపెట్టి 1927లో ప్రకటించారు. కండరాల్లో దానినుంచి ఊరే వ్యర్థమే క్రియాటినిన్. కిడ్నీలు వడపోయలేనప్పుడు రక్తంలో పేరుకుంటుంది. కిడ్నీల పనిలో దాదాపు సగం పోయేదాకా ఈ అంకె పెద్దగా పెరగకపోవచ్చు కూడా. చీటీలో అంకెతో పాటు ఈ నాలుగు ముక్కలూ తీరిగ్గా చెప్పే మనిషి ప్రతి ల్యాబు దగ్గరా ఉండాలని మా కోరిక. ఉద్దానం జబ్బుకు వైద్యులు పెట్టిన పేరు 'కారణం తెలియని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి'. పొడుగైనదే, అయినా మాకు నచ్చింది. నీటినీ, పురుగుమందులనీ, ఎండలో చాకిరీనీ అనుమానిస్తున్నా, వాటిలో ఏదీ ఇంకా పేరులోకి దూరలేదు.

గ్యాస్ అన్న మాటను జనం నోట్లోంచి పీకేయలేం, అవసరమూ లేదు. చెమట పట్టించే గ్యాస్‌కు ముందు ఈసీజీ తీయించాలన్న ఒక్క ముక్క దానికి తగిలిస్తే చాలు.

వచ్చే సంచికల కోసం పాఠకులను ఒకటి అడుగుతున్నాం. గత్తర, కోరింత దగ్గు, గవదబిళ్ళలు, తట్టు, ఇలా మీ ప్రాంతంలో జబ్బులకున్న పేర్లు రాసి పంపండి. ఆ పేరు వినగానే ఇంట్లో ముందు ఏం చేసేవారో కూడా తప్పక రాయండి. నర్సులు, ఆశా కార్యకర్తలు రాస్తే మరీ సంతోషం. రోగులు వాడే మాటలు వాళ్ళు విన్నంతగా నిఘంటుకర్తలెవరూ విని ఉండరు.