మాలిష్ మంచిదే, వైద్యం మాత్రం కాదు

సంపాదకులకు,

గుర్రాల మాలిష్ గురించి మీరు వేసిన వ్యాసం ఆసక్తిగా ఉంది. అయితే పరుగు తర్వాత కండరాల్లో చేరిన లాక్టిక్ ఆమ్లాన్ని మాలిష్ బయటికి పంపేస్తుందన్న మాట సరికాదు. మాలిష్ చేసినా చేయకున్నా అది గంటా రెండు గంటల్లో తగ్గిపోతుంది. నెమ్మదిగా నడిపిస్తే ఇంకా త్వరగా తగ్గుతుంది.

అలాగని మాలిష్ దండగ కాదు. గుర్రం బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ల మీదే పడుతుంది. ఆ కాళ్లను మొండేనికి పట్టి ఉంచేవి కండరాలే. అందుకే మెడ, మూపు, భుజాలు బిగుసుకుపోతాయి. గుర్రాలు ఒకదాన్నొకటి పళ్లతో గోక్కునేది కూడా మూపు దగ్గరే. అక్కడ గోకితే గుండె వేగం తగ్గుతుందని ఫ్రాన్స్‌లోని కమార్గ్ గుర్రాలపై చేసిన అధ్యయనం 1993లోనే చెప్పింది.

వ్యాసంలో లేనివి జాగ్రత్తలు. అనుభవమున్న సయీసు ముందు అరచేత్తో ఒళ్లంతా తడుముతాడు. వేడి, వాపు తగిలితే ఇక అక్కడ నొక్కడు. జ్వరం, పుండు, కుంటు ఉన్నా, పరుగు తర్వాత కండరాలు రాయిలా బిగిసి మూత్రం ముదురు రంగులో వచ్చినా పశువైద్యుణ్ని పిలవాలి. చర్మంపై గడ్డలు, ముక్కులో చీము కనిపిస్తే అసలు ముట్టుకోవద్దు. అది మనుషులకూ అంటుకునే గ్లాండర్స్ కావచ్చు.

వెన్నుపూసల మీద నొక్కకూడదు. ఒకరు తాడు పట్టుకోవాలి, రుద్దేవారు భుజం పక్కన నిలబడాలి. చెవులు వెనక్కి వాల్చి తోక విసిరితే ఆపేయాలి. తల దించి కింది పెదవి వదులు చేస్తే కొనసాగించవచ్చు.

పెళ్లి గుర్రాలు, జట్కా గుర్రాలు పెంచేవారికి పనికొచ్చేలా ఈ జాగ్రత్తలనూ ప్రచురించగలరు.

— ఒక పాఠకుడు, హైదరాబాద్