నెట్ సెంటర్ దాటని డిజిటల్ చదువు

తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు 2016 నుంచి ‘దోస్త్’ ద్వారా ఆన్‌లైన్‌లోనే జరుగుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇప్పుడు అదే పద్ధతి. సీటు వచ్చాక స్కాలర్‌షిప్ దరఖాస్తు, పరీక్ష ఫీజు, హాల్ టికెట్, అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీ, డిజీలాకర్‌లో మార్కుల మెమో... అన్నీ తెర మీదే. మరి ఈ పనులు ఎవరు చేస్తున్నారు? చాలాచోట్ల కాలేజీ ఎదుటి నెట్ సెంటర్ కుర్రాడు. మెయిల్ ఐడీ తెరిచేది అతనే, పాస్‌వర్డ్ పెట్టేది అతనే, దాన్ని తన నోటుబుక్కులో రాసుకునేదీ అతనే. విద్యార్థి వంతు ఓటీపీ పైకి చదవడం, అడిగినంత ఇచ్చి రావడం. మరుసటి ఏడు రెన్యువల్‌కు మళ్లీ అక్కడికే. ఆ కుర్రాణ్ని తప్పుపట్టడానికేం లేదు. విశ్వవిద్యాలయం వదిలేసిన పనిని అతను అందుకున్నాడు, అంతే.

‘ఈ తరానికి ఫోన్ నేర్పాలా? పుట్టగానే చేతిలో పట్టుకున్నారు’ అనే మాట స్టాఫ్ రూముల్లో తరచూ వినిపిస్తుంది. 14–18 ఏళ్ల గ్రామీణ యువతపై 2023లో విద్యాస్థితిని కొలిచే ‘అసర్’ జరిపిన సర్వే చూస్తే ఈ ధీమా నిలవదు. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉండి, దాన్ని వాడటం తెలిసినవారు దాదాపు 90 శాతం. కానీ పరీక్ష కోసం ఫోన్ తీసుకొచ్చినవారిలోనూ చెప్పిన సమయానికి అలారం పెట్టగలిగింది సుమారు మూడింట రెండొంతుల మందే. రెండు ఊళ్ల మధ్య ప్రయాణ సమయాన్ని గూగుల్ మ్యాప్స్‌లో చూసి చెప్పగలిగినవారు మూడోవంతు కంటే కాస్త ఎక్కువ. యూట్యూబ్‌లో వీడియో వెతికి పట్టుకోవడం మాత్రం 80 శాతం మందికి వచ్చు. అంటే వీళ్లకు ఫోన్ వచ్చు, ఫోన్‌తో పని చక్కబెట్టుకోవడం రాదు. రీల్ ఎడిట్ చేసే చేయి, ఫొటోను పీడీఎఫ్‌గా మార్చి 200 కేబీలోపు కుదించమంటే ఆగిపోతుంది. ప్రిన్సిపాల్‌కు మెయిల్ రాయమంటే సబ్జెక్టు గడి ఖాళీగా వదిలేసి, ఉత్తరమంతా అటాచ్‌మెంట్‌లో పెట్టి పంపేవాళ్లున్నారు.

పాఠ్యాంశం లేక కాదు. నాలుగేళ్ల డిగ్రీ కోసం యూజీసీ 2022లో ఇచ్చిన ఫ్రేమ్‌వర్క్‌లో డిజిటల్ నైపుణ్యాలకు విలువ ఆధారిత కోర్సుల కింద చోటు ఉంది. కానీ తరగతిలో చెప్పి, రాత పరీక్ష పెట్టి, మార్కులు వేసేస్తే ఒంటబట్టే విద్య కాదిది. పైగా ఇక్కడ అసలు అడ్డు తెలియకపోవడం కన్నా అడగలేకపోవడం. తెలుగు మీడియంలో ఇంటర్ చదివి వచ్చిన అమ్మాయి లెక్చరర్ దగ్గరికి వెళ్లి ‘సార్, లాగిన్ అవడం ఎట్లా?’ అని అడగదు. ‘ఇది కూడా రాదా?’ అంటారని భయం. అదే మాట హాస్టల్ గదిలో సీనియర్ అక్కను మాత్రం రాత్రి పదింటికైనా అడుగుతుంది. తోటి విద్యార్థులను డిజిటల్ సహాయకులుగా తయారుచేయాలనే ఆలోచనకు బలం ఇక్కడే ఉంది.

బ్రిటన్ విశ్వవిద్యాలయాలు ఈ దారి ముందే తొక్కాయి. అక్కడి ఉన్నత విద్యాసంస్థలకు సాంకేతిక సేవలందించే ‘జిస్క్’ 2011లో డిజిటల్ అక్షరాస్యతపై ఒక కార్యక్రమం ప్రారంభించింది. దాని కింద ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ విశ్వవిద్యాలయం విద్యార్థులనే ‘ఇ-పయనీర్లు’గా తీర్చిదిద్దింది. సౌతాంప్టన్‌లో వాళ్లను ‘ఐచాంప్స్’ అన్నారు. విద్యార్థులను అధ్యాపకుల పక్కన కూర్చోబెట్టి, వాళ్లతో కలిసి పనిచేయించడం ఈ ప్రయత్నాలన్నింటిలోనూ కనిపిస్తుంది. అంత దూరం ఎందుకు, కేరళలో 2018లో మొదలైన ‘లిటిల్ కైట్స్’ ఐటీ క్లబ్బుల హైస్కూలు పిల్లలు తల్లులకు సైబర్ భద్రత పాఠాలు చెప్పారు. హైస్కూలు పిల్లలు చేసిన పని డిగ్రీ పిల్లలు చేయలేరా?

మనకు విద్యార్థి రాయబారులు (అంబాసిడర్లు) అసలు లేరని కాదు. యూజీసీ 2023లో ‘ఎన్ఈపీ సారథి’ పేరిట ఒక పథకం తెచ్చింది. అయితే ఆ రాయబారుల ముఖ్యమైన పని జాతీయ విద్యావిధానం గురించి తోటివారికి తెలియజెప్పడం. పథకాన్ని విద్యార్థుల దగ్గరికి మోసే రాయబారులు దొరికారు సరే, విద్యార్థి కష్టాన్ని విశ్వవిద్యాలయం దాకా మోసేవాళ్లు కావాలి. స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఏ పేజీ దగ్గర ఎంతమంది ఆగిపోతున్నారో, ఏ గడి అర్థం కావడం లేదో పక్కన కూర్చుని చూసినవాడికే తెలుస్తుంది. అది వెబ్‌సైట్ నడిపేవారికి చేరాలి.

ఎవరిని ఎంచుకోవాలన్నది మొదటి చిక్కు. మన కాలేజీల అలవాటు ప్రకారమైతే కంప్యూటర్ సైన్స్ టాపర్ పేరు రాసేస్తారు. అతనికి పని వచ్చు గానీ, రానివాడి ఇబ్బంది తెలియదు. మౌస్ ఎవరి చేతిలో ఉండాలన్నది కూడా తెలియదు. తానే లాక్కుని చేసిపెట్టేస్తాడు. మొన్నటిదాకా తడబడి ఈ ఏడాది తేరుకున్న రెండో ఏడాది బీఏ విద్యార్థి ఈ పనికి బాగా నప్పుతాడు. జూనియర్ ఫోన్ తన చేతిలోకి తీసుకోకూడదు, ఓటీపీ అడగకూడదు, పాస్‌వర్డ్ తెలుసుకోకూడదు. ఈ మూడు నియమాలు లేకపోతే నెట్ సెంటర్ గేటు బయటి నుంచి లోపలికి మారినట్టే.

అమ్మాయిల సంగతి విడిగా ఆలోచించాలి. ముందు చెప్పిన ‘అసర్’ సర్వేలోనే ఫోన్ వాడటం తెలిసిన అబ్బాయిల్లో సొంత ఫోన్ ఉన్నవారు 43.7 శాతం, అమ్మాయిల్లో 19.8 శాతం. అన్న ఫోన్‌తో నెట్టుకొచ్చిన అమ్మాయికి ఓటీపీ వెళ్లేదీ ఆ అన్నకే. ఆమెకు మహిళా సహాయకురాలు ఉండాలి, హాస్టల్లోనే ఒక కంప్యూటర్ గది ఉండాలి, అది సాయంత్రం హాస్టల్ గేటు మూశాక కూడా తెరిచి ఉండాలి.

సీనియర్ల మాట మీద గుడ్డి నమ్మకమూ పనికిరాదు. లోన్ యాప్‌ల దారి, కమీషన్‌కు బ్యాంకు ఖాతా అద్దెకిచ్చే దారి, అసైన్‌మెంట్ మొత్తం చాట్‌జీపీటీతో రాయించే దారి కూడా హాస్టల్ గదుల్లోనే జూనియర్లకు అందుతున్నాయి. ఆ ప్రవాహం ఎటూ ఆగదు. సైబర్ మోసం జరిగితే వెంటనే 1930కి ఫోన్ చేయాలని చెప్పే సీనియర్‌ను కూడా అదే గదిలోకి పంపడం మన చేతిలో ఉంది.

నాకు ఎక్కువ భయం మాత్రం యాజమాన్యాల గురించే. ల్యాబ్ టెక్నీషియన్ పోస్టు ఖాళీగా ఉన్న కాలేజీకి ‘అంబాసిడర్లు’ అంటే ఉచితంగా దొరికిన మనుషులు. కాలేజీల నాణ్యతను మదింపు చేసే ‘నాక్’ పరిశీలనకు ముందు డేటా ఎంట్రీ, క్రెడిట్ ఐడీల టార్గెట్లు, బ్యానర్ ముందు ఫొటో అన్నీ వాళ్ల నెత్తినే పడతాయి. అందుకే గంటలు రాసిపెట్టాలి, ప్రతిఫలం ఉండాలి. గంటలు లెక్కపెట్టడం మన విశ్వవిద్యాలయాలకు కొత్తేమీ కాదు. ఎన్ఎస్ఎస్ వాలంటీరు రెండేళ్లలో 240 గంటల సేవ చేయాలన్న నియమం ఉండనే ఉంది. జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ ప్రకారం 30 గంటల అభ్యాసానికి ఒక క్రెడిట్. వారానికి నాలుగు గంటల చొప్పున 15 వారాలు పనిచేస్తే 60 గంటలు, రెండు క్రెడిట్లు. పేద విద్యార్థికి క్రెడిట్‌తో పాటు నెలకు కొంత స్టైపెండ్ కూడా కావాలి. లేకపోతే సాయంత్రం ఫుడ్ డెలివరీకి వెళ్లే కుర్రాడు ఈ పనికి రాలేడు, రావలసింది అతనే.

పని మొదలయ్యే తేదీ కూడా ముఖ్యమే. ప్రవేశాలు ముగిసిన వారం నుంచి స్కాలర్‌షిప్ దరఖాస్తు గడువు దాకా రద్దీ ఎక్కువ. సహాయకులకు శిక్షణ వేసవిలోనే పూర్తి చేసి, తరగతుల మొదటి రోజున లైబ్రరీలో వాళ్లకు ఒక బల్ల వేయాలి.