జెండా పట్టండి.. పుస్తకం మాత్రం దించకండి

'తమ్ముడూ, రేపు పొద్దున్న నర్సీపట్నంలో బైక్ ర్యాలీ. బండేసుకుని వచ్చెయ్. పెట్రోలు మనవాళ్లే కొట్టిస్తారు.'

ఎన్నికల టైములో ఈ ఫోన్ రాని కుర్రాడు మా నాతవరం మండలంలో ఉండడేమో. కాలేజీ అయిపోయి, నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ ఖాళీగా ఉన్నవాడికైతే రోజుకు రెండు పార్టీల నుంచీ వస్తుంది. వెళ్లాలా, వద్దా? ఇంట్లో అడిగితే 'రాజకీయాలు మనకెందుకురా' అంటారు. ఊళ్లో అన్నని అడిగితే 'మనోళ్లు గెలిస్తే నీకో దారి చూపిస్తాం' అంటాడు. నా ఉద్దేశంలో రెండూ తప్పే. రాజకీయాలు మనకు కావాలి. కానీ ఉద్యోగం కోసం మాత్రం కాదు. ఎందుకో చెప్పడానికి మన కళ్ల ముందే జరిగిన ఉదాహరణ ఒకటుంది.

2019లో రాష్ట్రంలో రెండు రకాల కొలువులు ఒకేసారి వచ్చాయి. ఒకటి గ్రామ వాలంటీరు. ఆగస్టు 15న మొదలైంది. 50 ఇళ్లకు ఒకరు, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం. రాత పరీక్ష లేదు, మండల స్థాయిలో ఇంటర్వ్యూతో ఎంపిక. రెండోది గ్రామ సచివాలయ ఉద్యోగం. 1.26 లక్షలకు పైగా పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చి, సెప్టెంబరు 1 నుంచి 8 వరకు రాత పరీక్షలు పెట్టారు. అక్టోబరు 2న సచివాలయాలు మొదలయ్యాయి. రెండూ ఒకే ప్రభుత్వం తెచ్చినవే. ఒకే ఊళ్లో, ఒకే బిల్డింగు చుట్టూ తిరిగిన పనులే.

ఐదేళ్ల తర్వాత ఏమైంది? 2024 ఎన్నికల ముందు వాలంటీర్లు పింఛన్లు పంచకూడదని ఎన్నికల సంఘం ఆదేశించింది. చాలామంది రాజీనామాలు చేసి పార్టీ ప్రచారానికి వెళ్లారు. గౌరవ వేతనం 10,000 చేస్తామని అప్పటి ప్రతిపక్షమూ మాటిచ్చింది. ప్రభుత్వం మారింది. 2023 ఆగస్టు తర్వాత వాళ్లను కొనసాగిస్తూ అసలు ఉత్తర్వే లేదని కొత్త ప్రభుత్వం చెప్పింది. ఉంచుతామన్నవాళ్లు ఉంచలేదు, పెట్టినవాళ్లు కాగితం పక్కాగా రాయలేదు. 2024 జులై 1న పింఛన్లు పంచింది ఎవరు? సచివాలయ ఉద్యోగులు! పరీక్ష రాసి వచ్చినవాళ్లు ప్రభుత్వం మారినా ఉన్నారు. పార్టీతో పాటు వచ్చినవాళ్లు పార్టీతో పాటే వెళ్లిపోయారు.

నా ఫ్రెండ్ ఒకడు అలా వెళ్లిపోయినవాళ్లలోనే ఉన్నాడు. ఏ పార్టీ అన్నది ఇక్కడ అనవసరం. 'ఇప్పుడు రాజీనామా చెయ్, గెలిచాక చూసుకుందాం' అంటే చేసేశాడు. తర్వాత ఓ ప్రైవేటు కంపెనీకి అప్లై చేద్దామని రెజ్యూమె రాయమంటూ నా దగ్గరికొచ్చాడు. 'ఎక్స్‌పీరియన్స్' అన్నచోట ఇద్దరం ఆగిపోయాం. 50 ఇళ్ల డేటా వాడి బుర్రలో ఉంది. బయోమెట్రిక్ పడని ముసలమ్మతో ఎలా మాట్లాడాలో వాడికి తెలుసు. కానీ చేతిలో రిలీవింగ్ లెటర్ లేదు, పీఎఫ్ నంబరు లేదు. పని నిజం, రుజువు లేదు. 22 నుంచి 27 ఏళ్ల దాకా, అంటే పోటీ పరీక్షలకు అసలైన వయసు, అలా గడిచిపోయింది. వాడి కష్టాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆ కష్టానికి తగ్గ కాగితం వాడు అడగలేదు, ఇచ్చేవాళ్లు ఇవ్వలేదు. అదే నా బాధ.

'మరి రాజకీయాల్లో పైకొచ్చినవాళ్లు లేరా?' అంటారు. ఉన్నారు. 1982 మార్చి 29న తెలుగుదేశం పుట్టింది. ఆ మరుసటి ఏడాదే మన నర్సీపట్నం నుంచి చింతకాయల అయ్యన్నపాత్రుడు పాతికేళ్ల వయసులో ఎమ్మెల్యే అయ్యారు. 2024 జూన్‌లో అసెంబ్లీ స్పీకర్ కుర్చీలో కూర్చున్నారు. కానీ లెక్క కూడా చూడాలి కదా. అసెంబ్లీ సీట్లు 175. ర్యాలీలో మీ వెనకున్న బళ్లే అంతకంటే ఎక్కువుంటాయి.

ఇంకో విషయం కూడా ముందే తెలుసుకోండి. ధర్నాలో తోపులాట జరిగినా, వాట్సాప్‌లో వచ్చిన పోస్టును చూడకుండా ఫార్వర్డ్ చేసినా కేసు పడొచ్చు. ప్రభుత్వ ఉద్యోగం వచ్చాక నింపే అటెస్టేషన్ ఫారంలో అరెస్టులు, కేసుల గురించి అడుగుతారు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీని మీదే తీర్పిచ్చింది. కుర్రతనంలో నినాదాలు చేయడం లాంటి చిన్న కేసైతే దాన్ని పట్టించుకోకుండా వదిలేసే విచక్షణ ఉద్యోగం ఇచ్చేవాళ్లకు ఉందని చెప్పింది. అయితే వివరాలు మాత్రం నిజమే రాయాలని స్పష్టం చేసింది. అంటే కేసు కంటే దాచడం ప్రమాదం. మీ పేరు ఎక్కడైనా నమోదైందని తెలిస్తే ఎఫ్ఐఆర్ కాపీ తీసుకుని దాచుకోండి. 'అన్న చూసుకుంటాడు' అని వదిలేయొద్దు. అటెస్టేషన్ ఫారం మీద సంతకం మీది, అన్నది కాదు.

అయితే ఇంట్లో కూర్చుని చదువుకోవడమేనా? కాదు. జెండా లేకుండా కూడా చేసే రాజకీయం ఉంది. అందులో మన చదువు బాగా పనికొస్తుంది.

మా మండలం సంగతే చూడండి. 2021లో ఇక్కడి లేటరైట్ తవ్వకాలు రాష్ట్రమంతా చర్చ అయ్యాయి. లేటరైట్ పేరుతో బాక్సైట్ తీస్తున్నారని తెలుగుదేశం ఆరోపించింది. కాదని అప్పటి వైఎస్సార్‌సీపీ ప్రభుత్వం చెప్పింది. వ్యవహారం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. నాయకులొచ్చారు, కెమెరాలొచ్చాయి, వెళ్లిపోయాయి. కొండ కింద ఊళ్లవాళ్లకు కావాల్సిన ప్రశ్నలు మాత్రం వేరు. లీజు ఎంత విస్తీర్ణం? లారీలు ఏ దారిన వెళ్లాలి? అనుమతిలో పెట్టిన షరతులేంటి? పర్యావరణ అనుమతుల పత్రాలు కేంద్ర ప్రభుత్వ 'పరివేష్' పోర్టల్‌లో పెడతారు. ఇంగ్లిష్‌లో ఉండే ఆ పీడీఎఫ్‌ను డౌన్‌లోడ్ చేసి, తెలుగులో నాలుగు ముక్కలు చెప్పగలిగేది ఊళ్లో ఎవరు? బీటెక్, డిగ్రీ చదివిన మీరే. అక్కడ దొరకనిది సమాచార హక్కు చట్టం కింద అడగండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికి ఫీజే లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు.

గ్రామసభ కూడా అంతే. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు ఉపాధి హామీ పనుల మీద గ్రామసభలు పెట్టారు. ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. మీ వీధి కాలువ గురించి అక్కడ లేచి మాట్లాడటానికి ఎవరి సిఫార్సూ అక్కర్లేదు. గ్రూప్ డిస్కషన్‌కు అంతకంటే మంచి ప్రాక్టీసు నాకు తెలిసి ఇంకోటి లేదు.

ఓటే లేదంటారా? ఫారం-6 నింపండి. 18 ఏళ్లు నిండటానికి ఇప్పుడు ఏడాదికి నాలుగు అర్హత తేదీలున్నాయి: జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు. 17 నిండితే ముందే అప్లై చేయొచ్చు. 21 నిండితే వార్డు మెంబరుగా నిలబడొచ్చు. పంచాయతీ ఎన్నికలు చట్టప్రకారం పార్టీ గుర్తుల మీద జరగవు. ఎంత చిన్న పంచాయతీలోనైనా కనీసం ఐదు వార్డులుంటాయి. 175 సీట్ల కోసం క్యూలో నిలబడటం కంటే మీ వీధిలో వంద ఓట్లు అడగడం మనకు అందే పని.

పార్టీ మీద నిజంగా అభిమానముంటే అందులో పనిచేయండి, తప్పు లేదు. బూత్ ఏజెంటుగా కూర్చుంటే ఓటరు జాబితా చదవడం వస్తుంది, రకరకాల మనుషులతో మాట్లాడటం వస్తుంది. కానీ మూడు షరతులు పెట్టుకోండి. ఒకటి, పరీక్ష తేదీకి ర్యాలీ అడ్డొస్తే ర్యాలీయే ఆగాలి. రెండు, సర్వేలకో సోషల్ మీడియాకో రోజంతా పనిచేయమంటే జీతం ఎంతో, ఎన్నాళ్లో రాతలో అడగండి. రాసివ్వకపోతే అది ఉద్యోగం కాదు, సాయం. మూడు, ప్రభుత్వ ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఏ పార్టీలోనూ సభ్యులుగా ఉండటానికి వీల్లేదు. ఆ రోజు వదిలేయడానికి ఇప్పుడే సిద్ధంగా ఉండండి.

నా ఫ్రెండ్ రెజ్యూమెలో చివరికి ఇలా రాశాం: '50 కుటుంబాల వివరాల సేకరణ, బయోమెట్రిక్ ద్వారా పింఛన్ల పంపిణీ.' ఇప్పుడు వాడు మళ్లీ పుస్తకం పట్టాడు. మొన్న ర్యాలీకి రమ్మని ఫోనొస్తే అడిగిన మొదటి ప్రశ్న ఒకటే: 'ఏ తేదీ అన్నా? ఆ రోజు నాకు మాక్ టెస్టుంది.'