ఫోన్ మనది... తాళం ఎవరిది?

అమ్మాయికి సంబంధాలు చూద్దామని కొత్త ఫోన్లో పెళ్లిసంబంధాల యాప్ కోసం వెతికితే... కనిపించదు! 2024 మార్చి 1న సరిగ్గా ఇదే జరిగింది. భారత్ మ్యాట్రిమొని, షాదీ, నౌకరీ లాంటి యాప్‌లను గూగుల్ తన ప్లే స్టోర్ నుంచి తీసేసింది. వైరస్ ఉందనా? కాదు. కమిషన్ దగ్గర పేచీ. యాప్‌లో చేసే చెల్లింపుల మీద 11 నుంచి 26 శాతం రుసుము ఇవ్వమని గూగుల్ అంది, అంత ఇచ్చుకోలేమని మన కంపెనీలు అన్నాయి. కేంద్రం కల్పించుకున్నాక కొద్దిరోజుల్లోనే అవి తిరిగొచ్చాయనుకోండి.

ఇలాంటప్పుడే 'ఆ దుకాణంతో పనిలేకుండా నాకు కావలసిన యాప్ నేనే వేసుకుంటా' అనేవారి మాట సబబుగా అనిపిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ వీలు మొదటినుంచీ ఉంది. కంపెనీ వెబ్‌సైట్ నుంచి ఏపీకే ఫైలు దించుకుంటే చాలు. అందరూ చూడగలిగేలా కోడ్‌ని బయటపెట్టిన ఉచిత యాప్‌ల కోసం ఎఫ్-డ్రాయిడ్ అనే వేరే స్టోరే ఉంది. ఐఫోన్‌కి మాత్రం 2008 నుంచీ ఒకటే గుమ్మం. ఐరోపా సమాఖ్య చట్టం తెచ్చి పట్టుబట్టాకే, 2024 మార్చిలో అక్కడివారికి రెండో తలుపు తెరుచుకుంది.

మరి దొంగల మాటేమిటి? ఆమధ్య మా బాబాయ్‌కి వాట్సాప్‌లో ఓ శుభలేఖ వచ్చింది. నొక్కితే 'ఇన్‌స్టాల్ చేయమంటారా' అని అడిగిందట. 'పెళ్లికి పిలవడానికి ఇన్‌స్టాల్ ఎందుకు?' అని ఆయన అక్కడే ఆగిపోయారు కాబట్టి సరిపోయింది. అలాంటి ఏపీకేలు లోపలికొస్తే ఎస్సెమ్మెస్‌లు చదివేస్తాయి, బ్యాంకు ఓటీపీలు అవతలివాడి చేతికి వెళతాయి.

ఈ మోసాలు చూపించే, బయటినుంచి వేసుకునే యాప్‌ల తయారీదారులు కూడా తమ వివరాలు నమోదు చేసుకోవాల్సిందేనని 2025 ఆగస్టులో గూగుల్ ప్రకటించింది. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండొనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లతో మొదలంది. సరదాగా యాప్ రాసుకునే కుర్రాడు కూడా గూగుల్‌కి గుర్తింపుకార్డు చూపించాలా అని ఎఫ్-డ్రాయిడ్ లాంటివాళ్లు గట్టిగా అడ్డుచెప్పారు. దాంతో, తెలిసినవారు హెచ్చరికలు చదివి ముందుకెళ్లే దారి ఉంచుతామని నవంబరులో గూగుల్ కాస్త మెత్తబడింది. ఆ దారి ఉండాల్సిందే. డబ్బిచ్చి కొన్నది మనం కదా!

ఈలోగా తీరిక చేసుకుని ఫోన్ సెట్టింగ్స్‌లో 'ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్' అని వెతకండి. అక్కడ వాట్సాప్‌కి అనుమతి ఉంటే తీసేయండి. మా బాబాయ్ ఫోన్లో ఉంది మరి!