బస్తా మీద పేరు, బతుకులో దారి

మొన్న మిర్యాలగూడ నుంచి మా ఆడపడుచు బియ్యం బస్తా పంపింది. వండితే ముద్దయింది. “ఎప్పుడూ కొనే బియ్యమే వదినా!” అంది ఫోన్లో. తీరా బస్తా తిప్పి చూస్తే బొమ్మ అదే, రంగూ అదే, పేరులో మాత్రం ఒక్కక్షరం తేడా!

మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేటల్లో బియ్యాన్ని అమ్మిపెట్టేది బస్తా మీది పేరే. కానీ 2017 జూలైలో జీఎస్టీ వచ్చి, రిజిస్టరైన బ్రాండు సంచి బియ్యానికి 5 శాతం పన్ను పడేసరికి, దేశంలో కొందరు వ్యాపారులు రిజిస్ట్రేషన్లే రద్దు చేయించుకోసాగారు. సెప్టెంబరు 9న హైదరాబాదులో కూర్చున్న జీఎస్టీ కౌన్సిల్, మే 15 నాటికి రిజిస్టరై ఉన్న పేరుకి తర్వాత రద్దయినా పన్ను తప్పదంది. 2022 జూలై 18 నుంచైతే బ్రాండుతో పనే లేదు. 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబులేస్తే పన్నే. బజార్లో 26 కిలోల సంచులు కనబడుతున్నది అందుకే!

అంటే పేరు వదులుకుంటే ఇప్పుడు మిగిలేదేమీ లేదు. పోయేది మాత్రం ఉంది. రిజిస్టరు కాని పేరుని ఎవరైనా కాపీ కొడితే, 1999 ట్రేడ్‌మార్క్స్ చట్టం కింద ఉల్లంఘన దావా వేయలేం. ఆ పేరు ముందునుంచీ మనదేననీ, జనం నమ్మకం సంపాదించిందనీ సాక్ష్యాలతో రుజువు చేసుకోవాల్సిందే.

ఇది మిల్లర్ల గొడవే అనుకోకండి. ఇంట్లో పచ్చళ్లు, అప్పడాలు చేసి అమ్మే మనవాళ్లదీ ఇదే కథ. వ్యక్తులు ఆన్‌లైన్లో పెట్టుకుంటే ఒక్కో తరగతి సరుకుకి ఫీజు 4,500 రూపాయలు. రిజిస్ట్రేషన్ పదేళ్లుంటుంది, మళ్లీ పొడిగించుకోవచ్చు. మన రిజిస్ట్రీ చెన్నైలో ఉన్నా, దరఖాస్తు కోసం రైలెక్కక్కర్లేదు.

మరి ఈ పని చేసిపెట్టేదెవరు? లాయర్లేననుకున్నాను. కాదట! 21 ఏళ్లు నిండి, డిగ్రీ ఉండి, నిర్ణీత పరీక్ష ప్యాసైతే ట్రేడ్‌మార్క్ ఏజెంటు కావచ్చు. అడ్వకేట్లకీ, కంపెనీ సెక్రటరీలకీ ఆ పరీక్షా లేదు. అలాంటి పేరు ముందే ఉందేమో వెతకడం, అభ్యంతరాలకి జవాబు రాయడం, ట్రేడ్‌మార్క్స్ జర్నల్లో పోలిక పేరు కనబడితే నాలుగు నెలల్లోగా వ్యతిరేకించడం ఇందులో పనులు. ఓర్పు, చదివే అలవాటు ఉంటే చాలావరకు ఇంటినుంచే చేసుకోవచ్చు.

లోటూ చెప్పాలి. ఆ పరీక్ష ఏటా జరగదు. కోర్టులో వాదించాలంటే ఎల్.ఎల్.బి. చదవాల్సిందే.

కోదాడలో డిగ్రీ చదువుతున్న మా మేనకోడలు లా చేస్తానంటోంది. “కోర్టు మెట్లెక్కే పిల్లకి సంబంధాలొస్తాయా?” అంటోంది మా ఆడపడుచు. ఈసారి ఫోన్ చేస్తే ఒకటే అడుగుతాను: “మన ఊళ్లో పేర్లకి కాపలా కాసేవాళ్లుంటే, నీకీ ముద్దన్నం బాధ తప్పేది కదమ్మా?”