ముందు వంక తెరవండి

సముద్రానికి దూరంగా ఉన్న హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చెరువులకు గోదావరి డెల్టాలోని కోరంగి మడ అడవి ఒక దారి చూపుతోంది. పూర్వం అక్కడ అడవిని కూపులుగా, అంటే నరికే ముక్కలుగా విభజించి మడచెట్లను మొత్తంగా నరికారు. ఎండ తగిలిన నేల పళ్లెంలా కుంగింది. పోటుకు వచ్చిన ఉప్పునీరు వెనక్కి పోలేక నిలిచి ఆవిరై, ఉప్పు పేరుకుంది. ఇక మడ మొలవలేదు. 1990లలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, ఊరి సమితులు కలిసి ముందు నేల ఎత్తుపల్లాలు కొలిచాయి. పెద్ద కాలువ, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్లకాలువలు, చేపముల్లు ఆకారంలో తవ్వించాయి. పోటునీరు వచ్చిపోవడం మొదలై ఉప్పు తగ్గింది. అప్పుడే మొక్క నాటారు. అడవి తిరిగి వస్తున్నదీ లేనిదీ ఉపగ్రహ చిత్రాల్లో చూసుకున్నారు.

మన దగ్గర వరస తలకిందులు. చెరువు బాగుచేయడమంటే మట్టి ఎత్తడమే. ఒకదాని కింద ఒకటిగా ఉన్న గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మరువ (అలుగు) నుంచి కింది చెరువుకు నీళ్లు తెచ్చే వంక కంపచెట్లతో, ఆక్రమణలతో పూడిపోయే ఉంటుంది. చెరువుకు ఏ అంగాలుండాలో, ఏ దోషాలుండకూడదో 1369లోనే పోరుమామిళ్ల శాసనంలో రాయి మీద చెక్కించుకున్న సీమ ఇది.

మట్టి ఎత్తే తీరు కూడా ముఖ్యమే. హిందూపురం దగ్గర చిలమత్తూరు మండలం వీరాపురానికి ఏటా పెయింటెడ్ స్టార్క్ కొంగలు వస్తాయి. సైబీరియా కొంగలని పేరుపడినా ఇవి మన దేశపు పక్షులే. చింతచెట్ల మీద గూళ్లు కడతాయి, ఊరు వాటిని కాపాడుకుంటుంది. అయితే గూటికి చెట్టుంటే సరిపోదు. ఈ కొంగ ముక్కు కాస్త తెరిచి నీళ్లలో ముంచి అటూ ఇటూ ఆడిస్తుంది, చేప తగలగానే మూసేస్తుంది. కంటికంటే స్పర్శనే నమ్ముకున్న వేట. అందుకు మోకాలి లోతు దాటని నీళ్లు కావాలి. అంచులు నిటారుగా గుంతలు తీసిన చెరువు నిండినా కొంగకు అది ఎండిన చెరువే.

హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకంతో కృష్ణా నీళ్లు పెనుకొండ దగ్గరి గొల్లపల్లి రిజర్వాయర్‌కు చేరాయి. కొండంత ఖర్చుతో ఎత్తిపోసిన ఆ నీటిని తెగిన గొలుసుకట్టులోకి వదిలితే పై చెరువు దగ్గరే ఆగుతుంది. చిత్రావతి నదిని నమ్ముకున్న ధర్మవరం చెరువుకైనా నది నుంచి కట్టదాకా దారి ఉండాలి.

నేల ఎత్తులు చూపే ఉపగ్రహ పటాలు జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వారి భువన్‌లో ఉన్నాయి. డ్రోన్ సర్వే ఇప్పుడు పెద్ద పనేం కాదు. ప్రతి చెరువుకూ వంకల పటం గీసి, గ్రామసభలో పరిచి, రైతుల చేత సరిచూయించాలి. ఒక అంచునైనా వాలుగా, లోతు తక్కువగా వదలాలి. వంక తెరవని చెరువుకు పూడికతీత బిల్లు చెల్లించకూడదు.